ఏ మనిషీ వాయించలేదని రాశాను

పోయిన గురువారం ఉదయం మా పై అంతస్తు సారు పోయారు. వయసు డెబ్బై మూడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ చెప్పారు. తార్నాకలో మేముండే ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా ఆయన పైన, నేను కింద. ఆరున్నరకు వాళ్ళావిడ మెట్లు దిగి వచ్చి మా తలుపు తట్టారు. "ఆయన లేయడం లేదు నాయనా, ఒక్కసారి వచ్చి చూడు" అన్నారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నేను చెప్పులు వేసుకోకుండా పైకి వెళ్ళాను.

పదకొండు గంటలకు ఆఫీసుకు ఫోన్ చేసి, సిటీ పేజీలో నాలుగు లైన్లు పెట్టమని డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్‌తో చెప్పాను.

"ఏం చేసేటోరు అన్నా?"

"వయొలిన్ వాయించేవారు. సినిమా పాటలకు."

"ఏ పాటలకు?"

"చాలా పాటలకు."

"ఒక్కటన్న చెప్పే. హెడ్డింగ్ ఎట్ల పెట్టాలె నేను? నెట్ల కొడితే ఆయన పేరు మీద ఏం వస్తలేదు."

ఒకటి చెప్పగలిగేవాణ్ణి. ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామంది పెళ్ళి వీడియోల్లోనో ఫోన్‌లోనో ఆ పాట వినే ఉంటారు. కాని ఆ పాట పేరు చెబితే, దాని గురించి ఒకప్పుడు నేను రాసినదీ చెప్పాలి. "ఉండు, మళ్ళీ చేస్తా" అన్నాను. మళ్ళీ చెయ్యలేదు. నాలుగు లైన్లు రాలేదు. అందులో ఆ సబ్ ఎడిటర్ తప్పేమీ లేదు. ఆ కుర్చీలో నేనుంటే నేనూ అదే అడిగేవాణ్ణి.

అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఆయన పేరు ఉండదు. పేరు వద్దన్నది ఆయనే. ఎందుకన్నారో చెబుతాను.

సారుది రాయలసీమ. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక పంతులు దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. పద్దెనిమిదేళ్ళకు మద్రాసు వెళ్ళి, స్టూడియోల్లో పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ కమాను పట్టడం నేర్చుకున్నారు. సినిమా వాళ్ళు హైదరాబాద్ వచ్చేస్తే వాళ్ళ వెనకాలే వచ్చారు. "ఎడమ చెయ్యి మా ఊరిదప్పా, కుడి చెయ్యి మద్రాసుది" అనేవారు. అంటే వేళ్ళలో గమకం ఉంది, కమానులో క్రమశిక్షణ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదని ఆయన తోటివాళ్ళు చెబితే తెలిసింది. ఆయన ఆ మాట ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఎడమ చెయ్యిని మాత్రం జాగ్రత్తగా చూసుకునేవారు. ఆ చేత్తో బకెట్ ఎత్తేవారు కాదు, కూరల సంచీ పట్టేవారు కాదు. రోజూ పొద్దున వరండాలో కూర్చుని ఆ నాలుగు వేళ్ళ గోళ్ళు ఆకురాయితో అరగదీసుకునేవారు. కుడిచేతి గోళ్ళు పెరిగితే పెరగనిచ్చేవారు. "ఆయన్ని చూస్తే ఇద్దరు మొగుళ్ళను పెట్టుకున్నట్లుంటుంది. ఒకడు నీటుగాడు, ఒకడు బద్ధకస్తుడు" అని వాళ్ళావిడ నవ్వేవారు.

స్టూడియోల్లో ఆ రోజుల్లో పని ఎలా నడిచేదో ఆయన చెబితేనే నాకు తెలిసింది. పెద్ద హాల్లో అరవై మంది కూర్చుంటారు. ఎదురుగా నొటేషన్ కాగితం. దాని మీద పాట పేరు ఉండదు, సినిమా పేరు ఉండదు, ఒక నంబర్ ఉంటుంది. మాట వినిపించదు, పాడేవాళ్ళు కనిపించరు. వాయించి, సంతకం పెట్టి, బస్సెక్కి ఇంటికి రావడమే. ఆరు నెలల తర్వాత హోటల్లో టిఫిన్ తింటుంటే రేడియోలో వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ నంబర్ ఈ పాటదని. క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, స్వరపరిచినవాళ్ళు ఉంటారు. వాయించినవాళ్ళకు అట్ట మీద జాగా లేదు. ఇప్పుడు అట్టే లేదు.

వయొలిన్లలో ముందు వరుస నలుగురిది. సారు, మల్కాజ్‌గిరి ఆయన ఒకరు, గోల్నాక ఆయన ఒకరు, తర్వాత సొంతూరు వెళ్ళిపోయిన ఇంకొకాయన. ఇరవై ఏళ్ళకు పైగా ఆ నలుగురూ అదే వరుసలో కూర్చున్నారు. అరవై మంది ఇరవై అయ్యారు. ఆ ఇరవై మందీ ఎనిమిది మంది అయ్యారు. ఆపైన ఈ నలుగుర్నే పిలిచి, ఒకటే మూడుసార్లు వాయించమని, ఒకదాని మీద ఒకటి పరిచి పన్నెండు మందిలా వినిపించేవారు. తర్వాత ఆ పిలుపూ ఆగింది. హాలును ఎవరో సెట్టింగు సామాన్లు దాచుకోవడానికి తీసుకున్నారు. మల్కాజ్‌గిరి ఆయన స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్నారు. గోల్నాక ఆయన ఒక ప్రైవేటు బడిలో ప్రార్థన గీతాలు నేర్పే పనిలో చేరారు.

ఆ ఖాళీ రోజుల్లోనే సారుకు ఒక స్టూడియో నుంచి కబురొచ్చింది. మూడు రోజుల పని. వెళ్ళారు. హాలు కాదు, చిన్న గది. ఏసీ ఆపేశారు. చొక్కా గుండీ కుర్చీకి తగిలి చప్పుడైతే మళ్ళీ మొదటినుంచి. పాట లేదు. నొటేషన్ లేదు. నాలుగు తీగల మీద ఒక్కొక్క స్వరం విడివిడిగా వాయించాలి. మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా. పొడుగ్గా, పొట్టిగా. తర్వాత ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం, ఊపడం, మన పద్ధతిలో. విదేశాల నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఉంటాయి గాని మన గమకం ఉండదట. అందుకే ఈయన్ని వెతికి పిలిచారు. ఆ స్వరాలను కంప్యూటర్‌లో దాచుకుంటే, తర్వాత మీటలు నొక్కి ఏ పాటైనా కట్టుకోవచ్చు.

"మూడు దినాలు వాయించినా, ఒక్క పాట వాయించలేదప్పా" అని చాలాకాలం తర్వాత చెప్పారు. "అక్షరాలు దిద్దించుకున్నారు. మాటలు వాళ్ళే రాసుకున్నారు."

తిరిగొచ్చేటప్పుడు ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం పెట్టారు. ఏముందో అడగలేదు. వాయించాక సంతకం పెట్టడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు.

ఇది జరిగిన మరుసటి ఏడు, అంటే ఇప్పటికి పదకొండేళ్ళ కింద, నేను ఆదివారం అనుబంధానికి ఒక కథనం రాశాను. కంప్యూటర్‌లో తయారవుతున్న సంగీతం గురించి. అప్పుడే ఒక పాట ఊరంతా మోగుతోంది. మొదట్లోనే ఒక వయొలిన్, ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. అది మొత్తం కంప్యూటర్‌లో చేసిన కుర్రాణ్ణి స్టూడియోలో కలిశాను. నా నోట్‌బుక్ ఇంకా ఉంది. ఈ వారం తీసి చూశాను. ఆ కుర్రాడు అన్నది ఇంతే: "మొత్తం సిస్టమ్‌లోనే చేశా సార్." అది నిజమే. నేను రాసింది వేరు. కథనం మొదటి వాక్యంగా ఇలా రాశాను: "ఈ పాటలో మిమ్మల్ని కదిలించే వయొలిన్‌ను ఏ మనిషీ వాయించలేదు."

విశేషణాలు వాడని రిపోర్టర్‌నని నాకు పేరు. ఆ వాక్యంలో విశేషణం లేదు, అబద్ధం ఉంది. ఒకరి మాట మీద వార్త రాయకూడదని కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెబుతాను. ఆ రోజు ఒకరి మాట మీదే రాశాను. అదీ ఆ ఒకరు అనని మాట. ఒక్క వయొలినిస్టునైనా అడగాలన్న ఆలోచన రాలేదు. నా నెత్తి మీదే ఒకాయన కాపురముంటున్నారు. ఆయన నా దృష్టిలో పై అంతస్తు సారు, అంతే.

సోమవారం పొద్దున సారు పేపర్ మడిచి చంకలో పెట్టుకుని దిగొచ్చారు.

"ఏం విలేకరీ, బాగా రాసినావు. చదివించింది" అన్నారు. కూర్చున్నారు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టాక అన్నారు, "ఒక్క వాక్యం తప్పప్పా."

ఏ వాక్యమో వేలు పెట్టి చూపించారు.

"అది నేనే" అన్నారు.

మూడు రోజుల గది సంగతి అప్పుడు చెప్పారు. నేను విని, విలేకరి అడగాల్సిందే అడిగాను. "ఆధారం ఏమన్నా ఉందా సార్?"

ఆయన నొచ్చుకోలేదు. "కాగితం వాళ్ళ దగ్గరే ఉంది. ఒకటుంది గానీ, నువ్వు చెవులు పెట్టి వినాల" అన్నారు. ముందు వరుసలో మొదటి కుర్చీవాడు కమాను తీగ మీద పెట్టే ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి పీలుస్తాడు. వెనకవాళ్ళకు అదే సైగ, అందరూ ఒకేసారి ఎత్తుకోవడానికి. ఇరవై ఏళ్ళు అలా వాయించినవాడు ఒంటరిగా గదిలో కూర్చున్నా ఆ ఊపిరి పీలుస్తాడు. వాళ్ళు దాదాపు అన్నిచోట్లా కత్తిరించారు. ఒకచోట మిగిలింది. రెండో చరణానికి ముందు, వయొలిన్ మళ్ళీ మొదలయ్యేచోట.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఉంది. మనిషి ఊపిరి. సందేహం లేదు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. దీని తర్వాత నేను చేసింది పొరపాటు కాదు.

మా పేపర్‌లో మూడో పేజీ అడుగున సవరణ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా వార్తకు ఆ డబ్బాలో ఒక్కసారీ చోటు రాలేదు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసేటట్టు నేనే చేశాను. సవరణ పంపాలంటే డెస్క్‌కు ఒక చీటీ రాయాలి. చీటీ రాశాను. సొరుగులో పెట్టాను. వారం తర్వాత సారు మెట్ల మీద కనబడి, "ఏమైందప్పా?" అంటే, "డెస్క్ వాళ్ళు ఒప్పుకోలేదు సార్. ఆధారం లేకుండా వెయ్యలేమంటున్నారు" అన్నాను. డెస్క్‌ను నేను అడగనే లేదు.

"అట్లనా" అన్నారాయన. "మా పనిలో తప్పు పోతే అక్కడికక్కడే ఆపి, ఇంకో టేక్ అంటారు. పదిసార్లయినా తీస్తారు, ఎవురూ చిన్నతనం అనుకోరు. మీ పనిలో టేక్ ఒకటేనా?"

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను.

మేమిద్దరం పొద్దున పూట యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిచేవాళ్ళం. తార్నాకలో ఉండేవాళ్ళకు అదొక్కటే ఊపిరాడే చోటు. రాళ్ళ గుట్టలు, నెమళ్ళు, చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు గట్టిగా చదువుకునే పిల్లలు. మాణికేశ్వర్ నగర్ వైపు గోడ దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళం. ఆ ఉదంతం తర్వాత కూడా ఆ నడక ఆగలేదు. ఆయనే ఆపలేదు. మరుసటి రోజు ఐదున్నరకు ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడి, "రాప్పా, తెల్లారిపోతాంది" అన్నారు.

ఒక సాయంత్రం హాస్టల్ వాళ్ళ కార్యక్రమం జరుగుతుంటే స్టేజీ పక్కనుంచి వెళ్తున్నాం. ఒక విద్యార్థి కీబోర్డ్ మీద అదే పాట వాయిస్తున్నాడు, వయొలిన్ గొంతుతో. సారు ఆగారు. తల ఒక పక్కకు వంచి పూర్తిగా విన్నారు.

"నేనే" అన్నారు. కొంచెం ఆగి, "శ్రుతి పెంచినారు. నేనంత పైన వాయించలేదప్పా, అందుకే ముక్కుతో పాడినట్టుంది" అన్నారు.

ఆయన స్వరాలు ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ వినిపించేవి. సీరియల్ మొదట్లో, అపార్ట్‌మెంట్ల ప్రకటనలో, బ్యాంకుకు ఫోన్ చేసి లైన్‌లో ఉంటే ఆ ఖాళీలో. ఆ కుర్రాడి దగ్గర్నుంచి ఎందరికి చేరాయో ఎవరికీ తెలియదు. వాళ్ళావిడ టీవీ ముందు కూర్చుని, "ఇంట్లో చిన్న పని చెప్తే మోకాళ్ళ నొప్పి. ఊరంతా ఉద్యోగాలు చేస్తాండాడు" అనేవారు. సారు కళ్ళు మూసుకుని, "ఇది మూడో తీగ, రెండో దినం పొద్దున వాయించింది. ఆ పొద్దు ఇడ్లీ తిని పోయినా" అనేవారు. ఎంతవరకు నిజమో నేను చెప్పలేను.

సవరణ ఆయనకెందుకు కావాలో నేను చాలా రోజులు తప్పుగా అర్థం చేసుకున్నాను. పేరు కోసం అనుకున్నాను. కళాకారుడు కదా, ఉండదా అనుకుని, నా తప్పును కొంత తేలిక చేసుకున్నాను. రెండేళ్ళు గడిచాక, నడకలో ఒక బండ మీద కూర్చున్నప్పుడు నేనే ఎత్తాను.

"సార్, మీ పేరు పేపర్లో రావాలంటే ఇంకో దారి చూద్దాం. మీ మీద విడిగా రాస్తాను."

"పేరు వద్దప్పా" అన్నారు వెంటనే. "నేను నిన్ను పేరు అడిగినానా? ఒక మనిషి వాయించినాడు అని వెయ్యి, చాలు. ఎవురికి తెలియాల్నో వాళ్ళకు తెలుస్తుంది."

"ఎవరికి?"

"ఆ ముగ్గురికి."

ఆఖరిసారి నలుగురూ కలిసినప్పుడు జిరాక్స్ షాపు ప్రారంభమట. మల్కాజ్‌గిరి ఆయన కొత్త మిషన్ మీద చెయ్యి వేసి, "ఒక మిషన్ మన నోట్ల మన్ను కొట్టింది, ఇంకో మిషన్ అన్నం పెడ్తదేమో చూద్దాం" అన్నారట. అందరూ నవ్వారు. సారు నవ్వలేకపోయారు. అప్పటికి ఆ మూడు రోజుల పని అయిపోయి నెల.

"మిషన్ కాదప్పా. నేను. నా చేత్తో నేను ఇచ్చొచ్చినా వాళ్ళ బతుకు" అన్నారు. "నాకు తెలిసి చేసింది కాదు. తెలిసినాక చెప్పల్ల కదా. ఆ పొద్దు నోరు రాలేదు. తర్వాత పోదామంటే కాళ్ళు రాలేదు. పేపర్లో పడిందనుకో, చదివి వాళ్ళే వస్తారు. తిట్టనీ. తిట్టేదానికన్నా వస్తారు కదా."

నాకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ ఏదీ చెప్పి ఉండరు. ఆ మర్నాడే సొరుగులో చీటీ తీసి డెస్క్‌కు ఇచ్చి ఉంటే సరిపోయేది. రెండేళ్ళ నాటి కథనానికి సవరణ వేస్తే నవ్వుతారని ఒక సాకు. ఒక్క లైను కాదు, పెద్ద కథనమే రాస్తానని ఇంకో సాకు. "మంచి సందర్భం చూసి రాస్తా సార్" అన్నాను. వార్తకు సందర్భం ఉండాలి, అది మా వృత్తి నియమం. సంగీతానికి ఏదో అవార్డు వచ్చినప్పుడు, పాత స్టూడియో మూసేసినప్పుడు, కంప్యూటర్ గొంతులతో పాటలు రావడం మొదలైనప్పుడు, ప్రతిసారీ సందర్భం వచ్చింది, వెళ్ళింది. ఆయన ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు. చివరికి రాసే సందర్భం పోయిన గురువారం ఉదయం వచ్చింది.

ఆ రోజు వాళ్ళావిడ ఆయన డైరీ నా చేతికిచ్చి, "వీళ్ళకు చెప్పు నాయనా. ఈ మూడు నంబర్లు ఆయన ఏటా కొత్త డైరీలోకి ఎక్కించుకుంటా ఉంటాడు, ఎప్పుడూ చేసింది లేదు" అన్నారు. సొంతూరు వెళ్ళిన ఆయన నంబర్ పనిచెయ్యలేదు. గోల్నాక ఆయన కూతురు ఎత్తి, నాన్నకు వినబడదు, చెబుతానంది. మల్కాజ్‌గిరి ఆయన, "ఎప్పుడు?" అని మాత్రం అడిగారు. శ్మశానానికి వచ్చి చివరిదాకా వెనక నిలబడ్డారు. మూడో రోజు మళ్ళీ ఇంటికి వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు. కాసేపు కూర్చున్నాక నేను ఆయన్ని క్యాంపస్‌లో టీ కొట్టు దగ్గరకు తీసుకెళ్ళాను. చెప్పాల్సింది అక్కడ చెప్పాను. ఆ పాటలో వయొలిన్ సారుదేనని, మీకు చెప్పలేక నలిగిపోయారని.

ఆయన నన్ను వింతగా చూశారు.

"మాకు తెల్వదనుకున్నరా సార్? పాట వచ్చిన వారంలనే తెలిసింది. ఇరవై రెండేండ్లు ఆయన పక్క కుర్చీల కూసున్న. ఆయన కమాను తిప్పుడు నాకు తెల్వదా? గోల్నాక ఆయన ఫోన్ చేసి, 'విన్నవా, మనోడే' అన్నడు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. రెండు దినాలు. తర్వాత అనుకున్నం, ఆయన కాకుంటే ఇంకొకడు పోతుండె. నన్ను పిలిస్తే నేను పోకపోదునా? పోయి ఒకసారి ఛాయ్ తాగి, రెండు మాటలు తిట్టి వద్దామని ముగ్గురం అనుకున్నం. ఆదివారం పోదామనుకున్నం."

"మరి?"

"గా ఆదివారమే మీ పేపర్ వచ్చింది."

నేను టీ గ్లాసు పట్టుకుని ఉన్నాను.

"ఏ మనిషి వాయించలేదని రాసిన్రు గదా. కింద మీ పేరున్నది. మీరు ఆయన కింద ఇంట్ల ఉంటరని మాకు ఎరుకే. ఒకసారి మీ గేటు ముంగట బండి పెడ్తే మీరే తియ్యమన్నరు నన్ను. ఆయననే మీకు చెప్పి అట్ల రాయించిండని అనుకున్నం. అంటే మాకు తెలుసుడు ఆయనకు ఇష్టం లేదు. మనం పోతే ఆయన తల దించుకోవాలె. పెద్దమనిషి, ఎందుకులే అని ఊకున్నం. ఆయననే ఒకనాడు వచ్చి చెప్తడని చూసినం."

ఒక నెమలి ఎక్కడో అరిచింది. పక్క బెంచీ మీద ఇద్దరు పిల్లలు రాజ్యాంగంలో అధికరణలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు.

"ఆయన నాకేమీ చెప్పలేదు" అన్నాను. "ఆ వాక్యం నాది. మర్నాడు పొద్దున్నే వచ్చి సరిచెయ్యమని అడిగారు. తప్పని తెలిసీ నేను సరిచెయ్యలేదు. ఎవరో ఒప్పుకోలేదని ఆయనతో అబద్ధం చెప్పాను."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టారు. నన్ను తిడితే బాగుండేది. "పదకొండేండ్లు" అని తనలో తాను అనుకున్నారు. తర్వాత, "ఛాయ్ చల్లారింది సార్. తాగుండ్రి" అన్నారు.

లేచేటప్పుడు అన్నారు, "ఇప్పుడన్న రాయుండ్రి. గోల్నాక ఆయనకు చెవులు పోయినయి గని, చదువుతడు."

కనుక, ఆ సవరణ ఇది. పదకొండేళ్ళ కిందట ఆదివారం అనుబంధంలో నా పేరుతో వచ్చిన కథనంలో, ఒక పాటలోని వయొలిన్‌ను ఏ మనిషీ వాయించలేదని రాశాను. అది తప్పు. ఒక మనిషి వాయించాడు. ఆ తప్పు రాసింది నేను. ఆయన నాతో అలా రాయించలేదు. సరిచెయ్యమని అడిగారు. పాట పేరు రాయడం లేదు, రాస్తే ఆ స్టూడియో కుర్రాడి మీదకు మాట పోతుంది. ఆ కుర్రాడు నాతో అబద్ధం చెప్పలేదు.

టీ కొట్టు నుంచి ఇద్దరం ఇంటికి తిరిగొచ్చాం. మల్కాజ్‌గిరి ఆయన సారు భార్యను, "అమ్మా, ఒకసారి వయొలిన్ చూస్తా" అని అడిగారు. ఆమె మంచం కింద నుంచి పెట్టె లాగారు. పాత పట్టుచీర ముక్కలో చుట్టి ఉంది. ఆ కథనం వచ్చిన ఏడాది నుంచి పైన వయొలిన్ చప్పుడు నేను వినలేదు. పని లేక మానేశారనుకున్నాను.

ఆయన వయొలిన్ అలాగే ఉంచి, ముందు కమాను తీశారు. వెంట్రుకల మీద బొటనవేలు ఆనించి చూసి, తల ఎత్తారు. "బిగించే ఉన్నది" అన్నారు. నాకు అర్థం కాలేదని చూసి చెప్పారు. వాయించే ముందు కమాను బిగిస్తారు, అయిపోగానే వదులు చేసి పెట్టెలో పెడతారు. లేకుంటే కర్ర వంగిపోతుంది. ఆ పని మరిచే వయొలినిస్టు ఉండడు. బిగించి ఉందంటే, మళ్ళీ వాయించబోతూ కాసేపటికని పక్కన పెట్టారని. తీగల దగ్గర చప్పుడు తగ్గించే నల్ల రబ్బరు ముక్క కూడా తగిలించి ఉంది.

"రోజూ వాయిస్తాడు కదా" అన్నారు వాళ్ళావిడ, ఇది మీకు తెలియదా అన్నట్టు. "మధ్యాహ్నం పూట. బుధవారం వాయించి బయటే పెట్టి ఉంటే నేనే చుట్టి పెట్టెలో పెట్టినా. నువ్వు ఆఫీసుకు పోయినాక తీస్తాడు నాయనా. నువ్వు ఇంట్లో ఉంటే పెట్టె ముట్టడు. వినపడితే నీకు కష్టంగా ఉంటుందని."

మల్కాజ్‌గిరి ఆయన కమాను చివరి మరను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు. ఒక చుట్టు. రెండు. మూడు. బిగుతుగా ఉన్న తెల్ల వెంట్రుకలు సడలి, పల్చటి దారాల్లా కర్రకు ఆనుకున్నాయి.